కొరడా చాలు... గుర్రం అక్కర్లేదు!

హాంగ్‌కాంగ్ ఒపేరాకి మొదటిసారి వెళ్ళే సినిమా అభిమానుల కోసం

బ్రూస్ లీ అమెరికాలో ఎందుకు పుట్టాడో చెప్పగలరా?

'ఎంటర్ ది డ్రాగన్' పదిసార్లు చూసిన వీరాభిమానులు కూడా ఈ ప్రశ్న దగ్గర కాస్త తడబడతారు. ఆయన పుట్టింది 1940 నవంబరు 27న, శాన్‌ఫ్రాన్సిస్కోలో. అప్పుడు వాళ్ళ నాన్నగారికి అక్కడ పనిపడింది. ఆ పని ఏమిటనుకున్నారు? నాటకాలు! లీ హొయ్‌చ్యున్ అంటే హాంగ్‌కాంగ్‌లో హాస్యపాత్రలకి పెట్టింది పేరు. ఆయన ట్రూపుతో అమెరికా టూరులో ఉండగా ఈ బుడతడు పుట్టాడు. పుట్టిన కొద్ది నెలలకే, ఇంకా పసిగుడ్డుగా ఉండగానే, 'గోల్డెన్ గేట్ గర్ల్' (1941) అనే సినిమాలో తెరమీద కనిపించేశాడు కూడా.

ఆ నాన్నగారు ఆడిన నాటకాన్నే కాంటనీస్ ఒపేరా అంటారు. చైనాలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో రకం ఒపేరా ఉంది. బీజింగ్‌ది ఒక బాణీ, షాంఘై వైపుది ఇంకో బాణీ. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్, హాంగ్‌కాంగ్ జనం తమ కాంటనీస్ భాషలో పాడుకునేది ఇది. పాట, మాట, ఆట, కత్తియుద్ధం... అన్నీ ఒకే నటుడు చెయ్యాలి. ప్లేబాక్ లేదు, డూప్ లేడు, రీటేక్ అంతకన్నా లేదు!

జాకీ చాన్ ఫైట్లకి ఈలలు వేసే మనం, ఆ ఫైట్లు పుట్టిన ఇంటిని ఒక్కసారైనా చూసి రావద్దూ? పదండి, టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నాం అనుకుందాం.

ముందు చెవులకి పరీక్ష

తెర లేవగానే మొదటి దెబ్బ చెవులకే! కంచు తాళాలు, జేగంటలు, డోలు, చెక్కమీద టకటకలు... అన్నీ ఒక్కసారి విరుచుకుపడతాయి. కొత్తవాళ్ళు ఉలిక్కిపడి చెవులు మూసుకోవడం మామూలే. కంగారు పడకండి. పావుగంట ఓపిక పడితే ఆ మోతలో ఒక లెక్క తెలుస్తుంది. రాజుగారు వస్తే ఒక దరువు, దాసీ పరుగెత్తితే ఒక దరువు, నాయకుడికి గుండె పగిలే కబురు తెలిస్తే ఒక్కటే ఒక్క దెబ్బ... ఆ తరవాత నిశ్శబ్దం. నటుడు కనురెప్ప ఎత్తినా దానికో చప్పుడుంటుంది. మన సినిమాల్లో రీరికార్డింగు చేసే పనంతా ఇక్కడ వాయిద్యగాళ్ళు అక్కడికక్కడే, నటుడి కాళ్ళూ కళ్ళూ చూస్తూ చేసేస్తారు.

ఆ వాయిద్యాల గుంపులోకి ఓసారి తొంగిచూస్తే ఇంకో వింత! చైనా తంత్రీవాద్యాల పక్కనే వయొలిన్ ఉంటుంది. ఒక్కోసారి శాక్సఫోన్ కూడా! వందేళ్ళ కిందట హాంగ్‌కాంగ్, గ్వాంగ్‌జౌ నగరాలకి పడమటి సంగీతం వచ్చినప్పుడు కాంటనీస్ కళాకారులు దాన్ని వాకిట్లో నిలబెట్టలేదు. లోపలికి రమ్మని కూర్చోబెట్టేశారు.

ఇక పాట సంగతి. కాంటనీస్ భాషలో ఒకే అక్షరాన్ని ఎత్తి పలికితే ఒక అర్థం, దించి పలికితే ఇంకో అర్థం. అంచేత పాట రాసేవాడి తిప్పలు అన్నీ ఇన్నీ కావు. రాగం పైకి వెళ్ళే చోట పైకి పలికే మాటే పడాలి. లేకపోతే 'ప్రియతమా' అనబోయి మరేదో అన్నట్టవుతుంది! ట్యూనుకి మాటలు కట్టే మన సినీకవులు ఈ కష్టం వింటే జాలిపడక మానరు.

భాష రాదే అని బెంగా? పెద్ద హాళ్ళలో వేదిక పక్కన తెరమీద పాటలూ మాటలూ చైనా లిపిలో పడుతుంటాయి. చాలాచోట్ల ఇంగ్లీషులో కూడా పడతాయి. పాత సాహిత్యపు మాటలు అక్కడివాళ్ళకే ఒక పట్టాన అందవు కనక వాళ్ళూ ఆ తెర వంక చూస్తూనే ఉంటారు. మీరు ఒక్కరే దిక్కులు చూస్తున్నారని సిగ్గుపడక్కర్లేదన్నమాట.

సెట్టింగు ఖర్చు: ఒక బల్ల, రెండు కుర్చీలు

సినిమాకి కోట్లు పోసి సెట్టింగులు వేసే ఈ రోజుల్లో ఈ మాట చెబితే నమ్మరు. పాత సంప్రదాయంలో ఒపేరా వేదికకి కావలసిన సామాను ఒక బల్ల, రెండు కుర్చీలు. బల్ల వెనక రాజు కూర్చుంటే అది దర్బారు. అదే బల్ల ఎక్కి నిలబడితే కొండ. ఈ రోజుల్లో కాంటనీస్ నాటకాల్లో రంగురంగుల తెరలూ, మెట్లూ, లైటింగూ వచ్చాయి గాని, అసలు పని ఇప్పటికీ నటుడి ఒంటితోనే.

చేతిలో కుచ్చుల కొరడా పట్టుకుని వచ్చాడంటే గుర్రం మీద ఉన్నాడని. కొరడా పక్కకి దించి కాలు తిప్పాడంటే దిగాడని. తెడ్డు పట్టుకుని మోకాళ్ళు కొద్దిగా వంచి ఊగితే పడవ. వేదిక చుట్టూ ఒక్క చుట్టు తిరిగితే వంద ఆమడల ప్రయాణం పూర్తి. జెండాలు పట్టుకుని నలుగురు కుర్రాళ్ళు వెనక నిలబడితే నాలుగు వేల సైన్యం! జూనియర్ ఆర్టిస్టుల బత్తా ఎంత మిగిలిందో లెక్కేసుకోండి.

ఇవన్నీ ముందే చదువుకుని వెళ్ళాలా? అక్కర్లేదు. చిన్నపిల్లాడు కర్ర మధ్యలో పెట్టుకుని 'గుర్రం, గుర్రం' అంటే మనకి అర్థం కాలేదూ? ఇదీ అంతే. సగం బొమ్మ నటుడు గీస్తాడు, మిగతా సగం మీరు గీసుకోవాలి. సినిమా హాల్లో అన్నీ వడ్డించిన విస్తరి తినడం అలవాటైన మనకి మొదట్లో ఇది కాస్త పనిగానే ఉంటుంది. ఒకసారి రుచి తగిలాక మాత్రం, లేని గుర్రం డెక్కల చప్పుడు మీకే వినిపిస్తుంది.

ముఖాలకి రంగుల సంగతి కూడా చెప్పుకోవాలి. ఎర్ర ముఖమైతే విశ్వాసపాత్రుడైన వీరుడు, నల్ల ముఖమైతే మొహమాటం లేని నిజాయితీపరుడు, తెల్ల ముఖమైతే కపటి. విలన్ ఎవరో రెండో రీలు దాకా ఆగక్కర్లేదు! హీరో హీరోయిన్లకి ఈ ముసుగు రంగులుండవు. తెల్లటి ముఖానికి కళ్ళ చుట్టూ, చెంపల మీద గులాబీ ఎరుపు మాత్రం అద్దుతారు. సేనాపతి అయితే వీపుకి నాలుగు జెండాలు, తలమీద ఆరడుగులు సాగే రెండు ఈకలు. కోపం వస్తే ఆ ఈకని రెండు వేళ్ళతో వంచి పళ్ళ మధ్య పట్టుకుంటాడు. ఆ క్షణంలో హాలంతా ఊపిరి బిగపట్టాల్సిందే.

అన్నట్టు, ఇంకొక్కటి గమనించండి. నటుడు గిరగిరా తిరిగి, కత్తి ఝళిపించి, తాళం ఠంగుమనగానే శిలలా ఆగిపోతాడు. చూపు మాత్రం మన మీద. చప్పట్లు! ఇది ఎక్కడో చూసినట్టు ఉందా? హాంగ్‌కాంగ్ ఫైటింగుల్లో నాలుగు దెబ్బలు కొట్టి, ఒక్క క్షణం ఆగి పోజిచ్చి, మళ్ళీ నాలుగు దెబ్బలు కొట్టే పద్ధతి ఉందే... ఆ తాళం ఈ వేదికదే.

కన్నీళ్ళతో నేర్చిన పిల్లిమొగ్గలు

జాకీ చాన్, సామ్మో హంగ్, యూయెన్ బియావో... ముగ్గురూ ఒకే బడి పిల్లలు. కౌలూన్‌లో యూ జిమ్‌యుయెన్ అనే మాష్టారు నడిపిన చైనా డ్రామా అకాడమీ అది. అమ్మానాన్నలు ఆస్ట్రేలియాలో పనిలో కుదిరితే, చిన్నారి జాకీ 1960ల ప్రారంభంలో ఆ బడిలో చేరి దాదాపు పదేళ్ళు అక్కడే పెరిగాడు. తెల్లవారుజామున మొదలైతే రాత్రి పొద్దుపోయేదాకా సాధన. తలకిందులుగా నిలబడడం, పిల్లిమొగ్గలు, పాటలు, కత్తులు. తప్పితే బెత్తం. ఆ దెబ్బల సంగతి జాకీ తన జీవితకథలో స్వయంగా చెప్పుకున్నాడు. ఆ బడి కథతోనే 1988లో 'పెయింటెడ్ ఫేసెస్' అనే సినిమా వచ్చింది. అందులో మాష్టారి వేషం వేసిందెవరో తెలుసా? ఒకప్పుడు ఆయన చేత దెబ్బలు తిన్న సామ్మో హంగే!

ఇక్కడే కథలో అసలు మలుపు. ఆ బడిలో నేర్పింది బీజింగ్ బాణీ. బయట ఉన్న జనం భాష కాంటనీస్. అంటే ఒళ్ళు విరుచుకుని నేర్చిన విద్యకి ఊళ్ళో శ్రోతలు అంతంతమాత్రం! పైగా పిల్లలు పెద్దవాళ్ళయ్యేసరికి జనం సినిమాల వైపు మళ్ళిపోయారు. బతకాలిగా మరి? స్టంటు కుర్రాళ్ళుగా స్టూడియోల గేటు దగ్గర నిలబడ్డారు. 'ఎంటర్ ది డ్రాగన్' (1973)లో బ్రూస్ లీ గాల్లో వేసే పిల్లిమొగ్గలు నిజానికి ఆ బడిలోనే చదివిన యూయెన్ వా వేసినవి. అదే సినిమాలో చిల్లర ఫైటరుగా జాకీ చాన్ కూడా కనిపిస్తాడు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన హాంగ్‌కాంగ్ యాక్షన్ సినిమా అలా పుట్టింది. ఒక కళకి జనం తగ్గిపోతే, ఆ కళాకారుల ఒళ్ళు వేరే చోట పనికొచ్చిందన్నమాట. సినిమాకి లాభం! మరి నాటకానికి?

మీసం లేని హీరో

కాంటనీస్ ఒపేరాలో అందరికన్నా పెద్ద హీరో ఎవరని హాంగ్‌కాంగ్‌లో ఏ ముసలమ్మనైనా అడగండి. 'యామ్ కిమ్‌ఫై' అని ఠకీమని చెబుతుంది. ఆ హీరో మగవాడు కాదు, ఆడమనిషి! ఒకప్పుడు ఆడా మగా కలిసి వేదిక ఎక్కకూడదన్న నిబంధన ఉండేది. అంచేత మొత్తం ఆడవాళ్ళతోనే ట్రూపులు నడిచేవి. అలాంటి ట్రూపులో మగవేషాలతో ఎదిగిన మనిషి ఆవిడ. 1930లలో ఆ నిబంధన సడలిపోయినా ఆవిడ మగవేషం వదల్లేదు, జనం ఆవిణ్ణి వదల్లేదు. మన స్థానం నరసింహారావుగారు సత్యభామగా వాలుజడ విసిరితే ఆడవాళ్ళే ముచ్చటపడిపోయేవారట. అక్కడ దానికి సరిగ్గా తిరగేసిన కథ. యామ్ కిమ్‌ఫై పండితుడి వేషంలో విసనకర్ర విప్పితే ఆడపిల్లలు ఆ 'హీరో' కోసం పడిచచ్చేవారు. మూడు వందలకి పైగా సినిమాల్లో నటించింది కూడా.

ఆవిడకి జోడీ బాక్ స్యుత్‌సిన్. ఈ జంటకి నాటకాలు రాసిపెట్టినవాడు టాంగ్ టిక్‌సాంగ్. ముగ్గురి పేర్లూ ఎప్పటికీ నిలబెట్టిన నాటకం 1957లో మొదటిసారి ఆడిన 'ప్రిన్సెస్ చాంగ్‌పింగ్'.

కథ వినండి. 1644. మింగ్ వంశం కూలిపోతోంది. శత్రువులు కోటలో అడుగుపెట్టే వేళ, ఆడబిడ్డలు వాళ్ళ చేత చిక్కకూడదని చక్రవర్తి కన్నకూతురి మీదే కత్తి దూస్తాడు. ఆ అమ్మాయికి అప్పుడే వరుడు కుదిరాడు! చచ్చిపోయిందని అందరూ అనుకున్న రాకుమారి సన్యాసినుల మఠంలో పేరు మార్చుకుని బతుకుతుంది. ఓ రోజు ఆ వరుడు దారి తప్పి మఠానికి వస్తాడు. గుర్తుపడతాడు. ఆవిడ కాదంటుంది. ఆయన వదలడు. చివరికి ఇద్దరూ కలిసి కొత్త చక్రవర్తి దగ్గరికే వెళతారు. తండ్రికి అంత్యక్రియలు జరగాలి, తమ్ముణ్ణి విడిచిపెట్టాలి. ఈ రెండు కోరికలూ తీరాక, పెళ్ళిబట్టల్లో, తోటలో చెట్టుకింద, ఇద్దరూ విషం కలిపిన మద్యం తాగుతారు. వధూవరులు ఒకరికొకరు పాత్ర అందించుకుంటూ పాడే ఆ చివరి యుగళగీతం వచ్చేసరికి హాల్లో చూడండి. పక్కసీట్లో పెద్దావిడ పెదవులు కదులుతుంటాయి, కళ్ళు తుడుచుకుంటూ. ఒపేరా గడప తొక్కని వాళ్ళకి కూడా అక్కడ ఆ పాట పల్లవి వచ్చు.

ఈ నాటకం 1959లో సినిమాగా వచ్చింది. 1976లో మళ్ళీ తీశారు. ఆ రెండోసారి దర్శకుడెవరో ఊహించండి... జాన్ వూ! 'ఫేస్/ఆఫ్', 'మిషన్ ఇంపాజిబుల్ 2' తీసిన జాన్ వూయే. రెండు చేతుల్లో రెండు తుపాకులు పట్టించక ముందు ఆయన ఈ విషపాత్రలు పట్టించాడన్నమాట.

రచయిత చివరి రాత్రి

టాంగ్ టిక్‌సాంగ్ కథ ఆయన రాసిన నాటకాల కన్నా విషాదం. 1959 సెప్టెంబరులో లీ థియేటర్‌లో ఆయన కొత్త నాటకం 'ఎర్ర ప్లమ్ పువ్వు పునర్జన్మ' మొదటి ప్రదర్శన. వేదిక మీద యామ్, బాక్ జంట. ఎదురుగా సీట్లలో రచయిత. నాటకం నడుస్తుండగానే ఆయన కూర్చున్న చోటే కుప్పకూలిపోయాడు. మర్నాడు కన్నుమూశాడు. నలభై దాటి ఎన్నేళ్ళో కాలేదు.

ఆ లీ థియేటర్‌ని 1991లో కూలగొట్టారు. అక్కడిప్పుడు షాపింగు భవనం ఉంది.

ఆ తరవాత ఒపేరా అభిమానులకి పెద్ద దిక్కు నార్త్ పాయింట్‌లోని సన్‌బీమ్ థియేటర్. 1972లో తెరిచారు. వెయ్యికి పైగా సీట్లు. ఎన్నిసార్లు మూతపడబోయిందో! 2012లో ఆఖరి క్షణంలో లీ క్వై‌మింగ్ అనే ఆయన ముందుకొచ్చి నిలబెట్టాడు. ఆయన వృత్తి ఏమిటనుకున్నారు? చైనా వాస్తు చెప్పడం! నాటకాల పిచ్చితో తనే కలం కూడా పట్టి, 2019లో అమెరికా అధ్యక్షుడు ట్రంప్‌నే పాత్రగా పెట్టి ఒపేరా ఆడించాడు. జనం విరగబడి చూశారు. అయినా లాభం లేకపోయింది. భవనం అమ్ముడుపోయింది. 2025 మార్చిలో సన్‌బీమ్ ఆఖరి తెర దించేసింది. యాభై మూడేళ్ళ హాలు! ఊళ్ళో మీరు పెరిగిన టాకీసు మూతపడినప్పుడు గుండెలో ఏదో కలుక్కుమంటుందే, సరిగ్గా అదే.

అయితే కథ అక్కడితో ముగియలేదు. 2009లోనే యునెస్కో కాంటనీస్ ఒపేరాని మానవాళి వారసత్వ కళగా గుర్తించింది. వెస్ట్ కౌలూన్‌లో ప్రభుత్వం సొమ్ముతో షీచూ సెంటర్ అనే సరికొత్త నాటకశాల లేచింది. బయటినుంచి చూస్తే పూసల తెర పక్కకి తొలగించినట్టుంటుంది దాని ద్వారం. 2019 జనవరిలో ప్రారంభోత్సవం. మొదటి నాటకం ఏది వేశారంటే... 'ఎర్ర ప్లమ్ పువ్వు పునర్జన్మ'! రచయిత ప్రాణం తీసుకున్న ఆ నాటకాన్ని అరవై ఏళ్ళ తరవాత కొత్తగా మలిచి నిలబెట్టింది ఎవరో కాదు, ఆనాటి కథానాయిక బాక్ స్యుత్‌సినే. తొంభై ఏళ్ళ వయసులో!

దేవుడికో కుర్చీ, దయ్యాలకో వరస

హాంగ్‌కాంగ్ వెళ్ళే యోగం మీకు పడితే... ఉద్యోగానికో, చదువుకో, విమానం మారడానికో ఎవరైనా వెళ్ళవచ్చు... రెండు దారులున్నాయి.

మొదటిది షీచూ సెంటర్‌లోనే రెండు వందల సీట్ల టీ హౌస్ థియేటర్. పూర్వం టీ కొట్లలో జనం తాగుతూ, తింటూ పాటలు వినేవారు. ఆ పద్ధతిలోనే కొత్తవాళ్ళ కోసం గంటన్నర ప్రదర్శన. ఏ వేషం ఏమిటో, ఏ అభినయం ఏమిటో మధ్యలో వివరిస్తారు. పూర్తి నాటకమైతే మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది. మొదటిసారికి ఇదే సుఖం.

రెండోదే అసలు మజా. వెదురు పందిరి! ఊరి దేవత పుట్టినరోజు పండగలకి మైదానంలోనో సముద్రం ఒడ్డునో వెదురు బొంగులతో నాటకశాల కడతారు. మేకు ఒక్కటి కొట్టరు, అంతా కట్లే. పండగ కాగానే విప్పి తీసుకుపోతారు. వేదిక సాధారణంగా గుడివైపు తిరిగి ఉంటుంది. ఎందుకంటే నాటకం ముందు దేవుడి కోసం, తరవాత మనకోసం. వాళ్ళ పంచాంగం ప్రకారం ఏడో నెలలో ఆకలిదయ్యాల పండగకి ఆడే నాటకాల్లో మొదటి వరస కుర్చీలు ఖాళీగా ఉంచుతారు. అవి వచ్చే ఆత్మల కోసం. పొరపాటున కూడా అక్కడ కూర్చోకండి, పక్కవాళ్ళు గుడ్లురుముతారు!

పందిట్లో మీ పక్కన పిల్లలు ఏదో నములుతుంటారు, ముసలాయన కునుకు తీస్తుంటాడు, అవ్వలు కబుర్లాడుకుంటుంటారు. పెద్దపాట రాగానే అందరూ గప్‌చిప్. మన తిరునాళ్ళలో హరిశ్చంద్ర నాటకం చూసినవాళ్ళకి ఇందులో ఒక్కటీ కొత్త కాదు. తెరవెనకకి తొంగిచూసే వీలు దొరికితే అక్కడ చిన్న పీఠం మీద వా క్వాంగ్ దేవుడు కనిపిస్తాడు. ఆ నటుల ఇలవేల్పు. వేషం వేసుకుని ఆయనకి దణ్ణం పెట్టాకే వేదిక ఎక్కుతారు.

చూసి రండి. పాటలు నచ్చకపోవచ్చు, కథ సగమే అర్థం కావచ్చు. కాని ఆ రాత్రి తరవాత మీరు జాకీ చాన్ సినిమా చూసినప్పుడు ఫైటు మధ్యలో తాళం ఠంగుమనడం మీకు మాత్రమే వినిపిస్తుంది. మనం ఇన్నేళ్ళుగా ఈలలు వేసి చూసిన ఆ పిల్లిమొగ్గలకి టిక్కెట్టు డబ్బులు సినిమా వాళ్ళు తీసుకున్నారు. నేర్పిన వాళ్ళ హాళ్ళు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. ఒక్క సాయంత్రం, ఒక్క టిక్కెట్టు... ఆ బాకీలో మన వంతు అది.

మొదటి వరస దయ్యాలకి వదిలేద్దాం. రెండో వరస ఖాళీ పడకుండా చూడవలసింది మాత్రం మనమే!